గవ్వల వీధిలో పన్నెండు గంటల సాయంత్రం

"బావా, కరిగిపోనాది!"

పైడితల్లి అరిచిన అరుపుకి దిగువ స్టాపు పక్కనున్న రేకుల షెడ్డు దద్దరిల్లింది. ట్రామ్ ఆపీ ఆపగానే పరిగెత్తుకొచ్చి, ఆయాసంతో గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. షెడ్డులో నేలమీద రెండు స్టీలు పళ్ళేలున్నాయి. రెండింటిలోనూ ఒకే బండి దగ్గర, ఒకే నిమిషంలో కొన్న నారింజరంగు ఐసుఫ్రూట్లు. గోడవారగా ఉన్న పళ్ళెంలోది ఇంకా పొగలు కక్కుతూ దర్జాగా పడుకుని ఉంది. రాగితీగ చుట్టు మధ్యలో ఉన్న పళ్ళెంలో మాత్రం నారింజ నీళ్ళూ, అందులో తేలుతున్న పుల్లా మిగిలాయి.

ఆమె మొగుడు ఈశ్వరరావు ఆ చుట్టు పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. యూనివర్సిటీలో భౌతికశాస్త్రం చెప్పే మనిషి, నలభై ఏళ్ళవాడు, ఆ క్షణంలో తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కిన పిల్లాడిలా ఉన్నాడు.

"నీ వాచీలో ఎంతయింది పైడీ?"

"నేను కొండ దిగడం మొదలెట్టి ఆరు నిమిషాలు."

అతను చుట్టులో పెట్టిన వాచీ తీసి చూపించాడు. అందులో పద్దెనిమిది నిమిషాలు గడిచాయి.

జరిగింది ఇదీ. విశాఖలో కొండమీది కాలనీల నుంచి సముద్రం దాకా దిగే ట్రామ్ మన పైడితల్లి నడుపుతుంది. కొండవాలులో బ్రేకు పట్టి దింపేటప్పుడు పుట్టే కరెంటు అన్నాళ్ళూ ఊరికే వేడై గాలిలో కలిసిపోయేది. ఆ కరెంటు తెచ్చి తన రాగిచుట్టులోకి పంపిస్తే చుట్టులోపల కాలం సాగుతుందని ఈశ్వరరావు ఏడేళ్ళుగా మొత్తుకుంటున్నాడు. కుదుపు తగిలితే తెగిపోతుంది కాబట్టి బ్రేకు వెన్న కోసినట్టు పట్టాలి. అలా పట్టగల చెయ్యి డిపో మొత్తంలో ఒక్కటే ఉంది, అది అతని ఇంట్లోనే ఉంది. వేరేవాళ్ళతో ఎన్నోసార్లు ప్రయత్నించి భంగపడ్డాక గానీ మహానుభావుడికి ఆ సంగతి తట్టలేదు.

"బయట గంట గడిస్తే లోపల మూడు గంటలు! ఐసుఫ్రూటు సంగతి సరే, మనిషి కూర్చుంటేనో? వీధి మొత్తం కూర్చుంటేనో?" అన్నాడు ఈశ్వరరావు.

పైడితల్లి గుమ్మం వదిలి లోపలికొచ్చి, "అయితే సాయంత్రం పూట పెట్టు బావా. పొద్దున్న సాగితే ఎవడికి కావాలి?" అంది. ఆ ముక్కతోనే గవ్వల వీధి జాతకం మారిపోయింది.

*

గవ్వల వీధి ఎగువ స్టాపుకీ దిగువ స్టాపుకీ మధ్య ఉంటుంది. పొడవు ఆరువందల మీటర్లు. కార్లనూ మోటారుసైకిళ్ళనూ అక్కడికి రానివ్వడం మానేసి చాలాకాలమైంది. వీధికి ఒక అంచున ట్రామ్ పట్టాలు, రెండో అంచున కొట్లు, మధ్యలో అంతా నడిచే నేలే. ఒక చివర గ్రంథాలయం, రెండో చివర సముద్రపు గాలి. వీధి చుట్టూ రాగితీగ పాతి, పట్టాల పక్కన పసుపుగీత గీశారు. గీతకి ఇవతల సాగిన కాలం, అవతల మామూలు కాలం. గీత దాటేటప్పుడు చెవులు బిగుసుకుని ఒళ్ళు ఒక్కసారి తూలుతుంది. అందుకని పదేళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకునే దాటాలని కట్టడి చేశారు.

సాయంత్రం అయిదుకి యంత్రం మొదలయ్యేది, తొమ్మిదికి ఆగేది. పైడితల్లి ఒక్కసారి వాలు దింపితే పుట్టిన కరెంటు, ఆమె మళ్ళీ దిగేదాకా చుట్టులో తిరుగుతూనే ఉండేది. బయట నాలుగు గంటలు, లోపల పన్నెండు!

ఊరు ఊరంతా ఎగబడింది. ఆఫీసులోంచి వేలాడే మొహాలతో ట్రామెక్కినవాళ్ళు గవ్వల వీధిలో దిగి, గీత దాటి, ముందు ఓ కునుకు తీసేవారు. లేచేసరికి సూర్యుడు ఇంకా కొండమీదే కూర్చుని ఉండేవాడు. తర్వాత టీ తాగేవారు. గ్రంథాలయంలో అరపుస్తకం చదివేవారు. బాడ్మింటన్ ఆడి, ఓడి, దెబ్బలాడి, కలిసిపోయి, మళ్ళీ ఆడేవారు. సంగీతం మాస్టారి దగ్గర పాఠం చెప్పించుకుని, ఇంటికి వెళ్ళే ముందు అదే పాఠం తిరిగి అప్పజెప్పేవారు. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు అక్కడ పొద్దుపోక మాట్లాడుకున్నారని చెప్పుకునేవారు. శని ఆదివారాలయితే చెప్పనే అక్కర్లేదు.

"నీ మొగుడు సేసిన మాయకి నా సేతులు అరిగిపోతన్నాయే పైడమ్మా!" అనేది స్టాపు దగ్గర మిరపకాయ బజ్జీలు వేసే సన్యాసమ్మ. గీత మీంచి ట్రామ్ వైపు వంగి, పైడితల్లికి పళ్ళెం అందిస్తూ ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం వెలిగిపోతూ ఉండేది.

ఇంతకీ రోజూ సాయంత్రం డ్యూటీ ఒక్కరికే ఇవ్వడం కుదరదని డిపోవాళ్ళంటే పైడితల్లి కొట్లాడి మరీ తెచ్చుకుంది. వాలులో తను బ్రేకు పట్టిన ప్రతిసారీ వీధి మొత్తానికి సాయంత్రం పోస్తున్నట్టు ఉండేది. నా చేత్తో పోస్తున్నాను అనుకుంటే ఛాతీ పొంగిపోయేది. ట్రామ్‌లో నిలబడ్డ జనం ఎగువ స్టాపు రాకముందే గుమ్మాల దగ్గర గుంపుకట్టి గలగలలాడుతుంటే ఆమె గంట రెండుసార్లు ఎక్కువే కొట్టేది.

ఒక్క చిక్కు మాత్రం మొదటి వారంలోనే తెలిసింది. బయటినుంచి చూస్తే లోపలి జనం మూడింతల జోరుతో కదులుతారు. ట్రామ్ నడుపుతూ పక్కకి చూసిన ఇద్దరు డ్రైవర్లకి కళ్ళు తిరిగాయి. ఒకాయన దిగువ స్టాపులో దిగి వాంతి చేసుకున్నాడు. దాంతో డిపోవాళ్ళు ట్రాములన్నిటికీ డ్రైవరు పక్కన వీధివైపు కిటికీకి రేకు బిగించేశారు. వీధి పొడుగునా గంటకి పన్నెండు కిలోమీటర్లు దాటకూడదు, కళ్ళు పట్టాల మీంచి తిప్పకూడదు. అది రూలు.

అలా పైడితల్లి తను పోసే సాయంత్రాన్ని తనే చూడకుండా నడపడానికి అలవాటు పడింది.

*

వాళ్ళ కూతురు కావేరికి ఏడేళ్ళు నిండిన రోజునే వీధిలో యంత్రం మొదలైంది. బడి అయ్యాక ఆ పిల్ల నేరుగా గవ్వల వీధికే వెళ్ళేది. తండ్రి యంత్రం కనిపెట్టుకుని అక్కడే ఉంటాడు, సన్యాసమ్మ ఉంటుంది, ఆడుకోవడానికి వీధెడు పిల్లలుంటారు. ఇంకేం కావాలి?

పైడితల్లి ట్రామ్ ఇరవై నిమిషాలకోసారి ఆ వీధి పక్కనుంచి వెళ్ళేది. స్టాపులో ఆగినప్పుడు ముందు అద్దంలోంచి చూస్తే గీతకి అవతల కావేరి నిలబడి ఉండేది. తల అటూ ఇటూ టకటకా తిరుగుతూ, జడలు ఎగురుతూ, కోడిపిల్లలా ఉండేది. తల్లి చెయ్యెత్తి ఊపేది. ఊపిన చెయ్యి దించేలోపే పిల్ల తుర్రుమని పక్కకి మాయమైపోయేది.

మొదట్లో నవ్వుకునేది పైడితల్లి. నెలలు గడిచేకొద్దీ ఆ నవ్వు తగ్గింది. పన్నెండు గంటల సాయంత్రం ఉన్న పిల్లకి అమ్మ మొహం పూర్తిగా చూసే తీరిక లేదా? పిల్ల ముందుపళ్ళు ఊడాయి, వచ్చేశాయి. సైకిలు నేర్చుకుంది. ఈల వెయ్యడం నేర్చుకుంది. అన్నీ మర్నాడు పొద్దున్న ఇడ్లీ తింటూ కబురుగా చెప్పేది. ఆ కబుర్లకి మూలమైన సంగతులన్నీ రేకు అవతల జరిగిపోయేవి.

యంత్రం మొదలై తొమ్మిది నెలలు నిండిన ఓ శనివారం, ట్రామ్ దిగువ స్టాపులో ఆగింది. ఈశ్వరరావు కూతురి చెయ్యి పట్టుకుని గీత దాటి పరుగున వచ్చాడు. పిల్ల నెత్తిమీద కాగితం కిరీటం, బుగ్గ మీద కేకు.

"అమ్మా, నాకు ఎనిమిదేళ్ళొచ్చేశాయి!"

పైడితల్లికి అర్థం కాలేదు. "ఏటిది బావా? పుట్టినరోజుకి ఇంకా మూడు నెలలుంది కదా. ఆ వేళకి నేను సెలవు కూడా రాసిచ్చీసేను."

"బయటి లెక్కలో మూడు నెలలుంది పైడీ. వీధిలో రోజుకి ఎనిమిది గంటలు ఎక్కువ బతుకుతోంది కదా. కూడి చూశాను. సరిగ్గా ఇవాళ సాయంత్రం ఆరూ నలభైకి ఎనిమిది నిండాయి!" ఎంత కచ్చితంగా లెక్కగట్టాడో చెప్పుకోవాలని అతనికి ఒకటే ఉబలాటం. "నీ ట్రామ్ వచ్చే టైముకే కేకు కోద్దామనుకున్నాం. లోపల పిల్లలు ఆగలేదు."

కేకు ముక్క పైడితల్లి చేతిలో పెట్టారు. వెనక ప్రయాణికులు ఎక్కేశారు. సిగ్నలు పడింది. ఆమె కేకు నోట్లో పెట్టుకుని, ఒక చేత్తో పిల్ల తల నిమిరి, రెండో చేత్తో మీట తిప్పింది. ఎగువ స్టాపులో గంట కొట్టడం మర్చిపోయింది.

మర్నాడు పొద్దున్న, పుట్టినరోజుకని ముందుగానే, పాత కొలతలకి ముచ్చటపడి కుట్టించిన పట్టు పరికిణీ పెట్టెలోంచి తీసి పిల్లకి కట్టబోయింది. బెత్తెడు పొట్టిగా ఉంది.

"ఎత్తు పెరిగిందమ్మా నీ కూతురు" అన్నాడు ఈశ్వరరావు సంబరంగా. ఆ మాట అన్నాక భార్య మొహం చూసి, పరికిణీ అంచు కిందికి లాగబోయాడు.

"నీ లెక్క సరైందే బావా. ఆ లెక్కలో నానెక్కడున్నాను? ఇది ఏడాదికి నాలుగు నెలలు నన్నొదిలేసి ముందుకెళ్ళిపోతంది. పదేళ్ళకి మూడేళ్ళు దాటిపోతాది. ఆ మూడేళ్ళూ నాను రేకు పక్కన కూర్చుని బ్రేకు పడతన్నాను. నా సేత్తో నానే పంపించేస్తన్నాను."

కోపం వచ్చినప్పుడు ఆమె మాట అమ్మమ్మగారి ఊరి మాటైపోతుంది. ఈశ్వరరావు తల దించుకున్నాడు. చుట్టు లోపల ఎవరుంటారా అన్నదే చూసుకున్నాడు గానీ, చుట్టు తిరగాలంటే బయట ఒకరుండాలన్నది అతని కాగితాల్లో ఎక్కడా లేదు.

"ఆపేస్తాను పైడీ. ఇవాళే ఆపేస్తాను."

"ఆపితే నీ కాళ్ళిరగ్గొడతాను!" అంది పైడితల్లి. "ఊరంతా ఊపిరి పీల్చుకుంటంది అక్కడ. ఆపడం కాదు. నువ్వు ట్రామ్ నడపడం నేర్చుకో."

*

ఆరువారాలు పట్టింది. ఆ ఆరువారాలూ డిపోకి పండగే. ఇన్‌స్పెక్టరు అప్పన్న మీసం మెలేసి పక్కన కూర్చునేవాడు, ఈశ్వరరావు మీట పట్టుకుని వాలు ఎంత, బరువెంత అని గొణుక్కునేవాడు. ట్రామ్ గుర్రంలా ఎగిరి ఆగేది.

"సార్, మీరు బ్రేకు వెయ్యమంటే లెక్క వేస్తన్నారు. సెయ్యి సెప్పింది వినండి" అని అప్పన్న నెత్తి కొట్టుకునేవాడు.

నాలుగోవారం నుంచి పైడితల్లే పక్కన నిలబడి మొగుడి చేతిమీద చెయ్యి వేసి నేర్పింది. ఆరోవారానికి ఒక గ్లాసు నిండా నీళ్ళు ముందు పెట్టుకుని, చుక్క ఒలక్కుండా వాలు దింపాడు. పరీక్ష పాసైనట్టు కాగితం ఇస్తే ఎంత మురిసిపోయాడంటే, డాక్టరేటు వచ్చిన రోజున కూడా అంత మురిసిపోలేదు.

ఆ ఆదివారం సాయంత్రం పైడితల్లి నడిపే ఏడో నంబరు ట్రామ్ మీట ఈశ్వరరావు పట్టుకున్నాడు. యంత్రం దగ్గర అతని శిష్యుడొకడు కూర్చున్నాడు. పైడితల్లి పసుపురంగు చీర కట్టుకుని, తన ట్రామ్‌లోనే మామూలు ప్రయాణికురాలిలా వచ్చి, ఎగువ స్టాపులో దిగి, పసుపుగీత ముందు నిలబడింది. ఎన్ని వేలమందిని ఈ గీత దగ్గర దింపిందో! తను దాటడం ఇదే మొదటిసారి.

కాలు పెట్టింది. చెవులు బిగుసుకున్నాయి, ఒళ్ళు తూలింది. చటుక్కున అంతా నెమ్మదించింది.

అబ్బ, ఏం వెలుగు! కొండమీద సూర్యుడు కదలకుండా కుంకుమరంగులో ఉన్నాడు. బయటినుంచి చూసినప్పుడు చీమల్లా ఉరికే మనుషులు ఇక్కడ తీరిగ్గా, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నారు. ఎవరూ వాచీ చూసుకోవడం లేదు.

"వచ్చీసావేటే పైడమ్మా!" అని సన్యాసమ్మ పొయ్యి వదిలేసి వచ్చి కావలించుకుంది. "ఇన్నాళ్ళూ గీత మీంచి పళ్ళెం అందించేను. ఇయ్యాల కూకోబెట్టి తినిపిస్తాను."

కావేరికి పట్టపగ్గాలు లేవు. అమ్మ చెయ్యి పట్టుకుని వీధంతా లాక్కుపోయింది. ఇది నేను సైకిలు మీంచి పడ్డ చోటు. ఇది గ్రంథాలయంలో నా కుర్చీ. ఈయన సంగీతం మాస్టారు, కోపం నటిస్తారంతే. పైడితల్లి బాడ్మింటన్ ఆడింది, కూతురి చేతిలో ఓడింది. పాతికేళ్ళుగా తొక్కని సైకిలు తొక్కింది. బజ్జీలు తిని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అల్లంటీ తాగింది, బెంచీమీద కూతురి ఒళ్ళో తలపెట్టి నిద్రపోయింది. లేచి చూస్తే సూర్యుడు జానెడైనా దిగలేదు! ఇంత ఆనందం తన చేతిమీదుగా ఇన్నాళ్ళూ ఊరికి పారిందా అని ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అంతలో ఎక్కడో దూరంగా ట్రామ్ గంట మోగింది. మామూలు గంట కాదు, సాగి సాగి, గుడిగంటలా బొంగురుగా మోగింది. కావేరి చటుక్కున లేచింది.

"ఏడో నంబరు! ఇందాక పైకెళ్ళినప్పుడు నువ్వు నిద్రపోతున్నావు. రా అమ్మా, బేగి రా!"

పిల్ల ఎగువ స్టాపు వైపు పరిగెత్తింది. ఆటకి పిలిచిందనుకుని పైడితల్లీ వెంట పడింది. గీత దగ్గరకి వచ్చేసరికి ట్రామ్ ఏనుగులా, నింపాదిగా వచ్చి ఆగుతోంది. ముందు అద్దంలోంచి ఈశ్వరరావు కనిపించాడు. వీళ్ళని చూసి అతని మొహంలో నవ్వు మెల్లమెల్లగా విచ్చుకుంది. చెయ్యి కొద్దికొద్దిగా పైకి లేచింది. కావేరి ఆ చెయ్యి పూర్తిగా ఊపేదాకా ఆగలేదు. పక్కకి జరిగి, గీత వెంబడే నాలుగడుగులు వెనక్కి వచ్చి, రేకు బిగించిన కిటికీ ఎదురుగా నిలబడింది.

"ఇక్కడెందుకే?" అంది పైడితల్లి. "రేకుంది. ఏటీ కనపడదు."

"ఇప్పుడు బయల్దేరుతుంది చూడు."

ట్రామ్ కదిలింది. లోపలినుంచి చూస్తే అది మనిషి నడిచేంత వేగంతో కదిలింది. గంటకి పన్నెండు కిలోమీటర్లలో మూడోవంతు, తీరిగ్గా షికారు నడక. కావేరి గీతకి ఇవతల, కిటికీ పక్కనే, ట్రామ్‌తో సమానంగా నడవసాగింది. రేకు వైపు మొహం తిప్పి మాట్లాడటం మొదలెట్టింది.

"నాన్నా, ఇవాళ అమ్మ వచ్చింది. ఇదిగో నా పక్కనే ఉంది. బాడ్మింటన్‌లో నేనే గెలిచాను. అమ్మకి సర్వీసు రాదు..."

పైడితల్లి నడుస్తూనే కూతురి వైపు వంగింది. "రోజూ ఇలాగే నడుస్తావేటి?"

"ఊఁ. నీ ట్రామ్‌కే. మిగతావాటికి నడవను."

"ఈ చివర్నించి ఆ చివరిదాకా?"

"ఆఁ. నువ్వు పైకెళ్ళేటప్పుడు అటునించి ఇటు. రోజుకి పన్నెండుసార్లు. వానొస్తే గొడుగేసుకుంటాను. మొదట స్టాపులో కనపడతాను, నువ్వు చెయ్యెత్తగానే కిటికీ దగ్గరికి వచ్చేస్తాను. లేకపోతే ట్రామ్ కదిలిపోతుంది కదా."

"నేను నిన్ను చూడలేదు కదే! నీ మాట నాకు వినబడదు కదే!"

"వినబడకపోతే ఏటి?" అంది కావేరి, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. "నువ్వు ఒక్కదానివే నడుపుతున్నావు కదా. పళ్ళు ఊడినప్పుడు నీకే ముందు చెప్పాను. నాన్నకి తర్వాత చెప్పాను."

ఒక చివర్నించి ఇంకో చివరికి తొమ్మిది నిమిషాలు. రోజుకి పన్నెండుసార్లు. ఆ పసిది తన పన్నెండు గంటల సాయంత్రంలో దగ్గరదగ్గర రెండు గంటలు ఒక రేకు పక్కన నడుస్తూ గడిపింది, పదినెలలుగా. ఆ రేకు ఇవతల కూర్చుని, పిల్లకి అమ్మ అక్కర్లేకుండా పోయిందని తను కుమిలింది. పైడితల్లికి దుఃఖం ముంచుకొచ్చింది. అది దుఃఖం కాదని వెంటనే తెలిసింది. కూతుర్ని ఎత్తుకోబోయింది, ఎత్తలేకపోయింది, గట్టిగా పొదువుకుంది.

"అమ్మా, ట్రామ్ వెళ్ళిపోతోంది" అని పిల్ల గింజుకుంది.

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ట్రామ్ పక్కన నడిచారు. బజ్జీల వాసన దాటారు, సంగీతం మాస్టారి గుమ్మం దాటారు. పైడితల్లి కూడా ఏదో చెప్పబోయి, ఇంత పొడుగునా ఏమేం చెప్పేదో ఈ పిల్ల అనుకుంటూ, పూర్తిగా కూతురి మాటలే వింది.

దిగువ స్టాపులో ట్రామ్ ఆగుతుండగానే, పిల్ల చెయ్యి పట్టుకుని ఆమె గీత దాటేసింది. చెవులు బిగుసుకున్నా ఆగలేదు. డ్రైవరు గది తలుపు దబదబా బాదింది.

"బావా! పనిముట్ల పెట్టె తియ్యి. ఆ రేకు విప్పు!"

ఈశ్వరరావు హడలిపోయాడు. "ఇప్పుడా? సిగ్నలు పడుతోంది పైడీ. అయినా రూలుంది కదా. పక్కకి చూస్తే కళ్ళు తిరుగుతాయి."

పైడితల్లి అప్పటికే లోపలికి దూరి మొదటి మర పట్టుకుంది. వెనక ప్రయాణికులు గంట కొడుతున్నారు, కావేరి పక్కన నిలబడి మరలు అందుకుంటోంది, రేకు చివర ఊడి వీధి వెలుగు సన్నగా లోపలికి పడింది.

"తిరిగితే తిరగనీ బావా. నా కూతురు పక్కన నడుస్తోంది."